నెట్‌వర్క్ కార్డు చేతిలో లేకుండా డ్రైవర్‌ను పరీక్షించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లైనక్స్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ల (నెట్‌వర్క్ కార్డును నడిపించే కోడ్) మీద పనిచేసేవారికి ఈ ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. కోడ్ సిద్ధంగా ఉంటుంది గానీ కార్డు ఉండదు. ఒక్కోసారి చిప్ ఇంకా ఫ్యాక్టరీ నుంచి రాదు, ఒక్కోసారి ల్యాబ్‌లో ఉన్న ఒక్క కార్డునూ వేరే జట్టు వాడుకుంటూ ఉంటుంది. కొత్తగా చేరిన ఇంజినీర్లు, ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు ఏళ్ల తరబడి నన్ను అడుగుతున్న సందేహాలను పని సాగే క్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న కిందే పూర్తి సమాధానం ఉంది కాబట్టి మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. కమాండ్లను, ఫైళ్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను.

## మొదలుపెట్టే ముందు

కార్డు లేకుండా చేసిన పరీక్షను అసలు నమ్మవచ్చా?

నమ్మవచ్చు, కానీ ఏ విషయంలో నమ్ముతున్నామో ముందే తేల్చుకోవాలి. నెట్‌వర్క్ డ్రైవర్‌కు రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి కెర్నల్ (లైనక్స్ మూల భాగం) వైపు తిరిగి ఉంటుంది: ఇంటర్‌ఫేస్‌ను నమోదు చేయడం, ఈత్‌టూల్ (కార్డు అమరికలను చూసే, మార్చే కమాండ్) ప్రశ్నలకు జవాబివ్వడం, క్యూలను ఆపడం, తిరిగి తెరవడం, న్యాపీ పోలింగ్ (ప్యాకెట్లను గుంపుగా తీసుకునే పద్ధతి) వంటివన్నీ ఈ వైపువి. రెండోది చిప్ వైపు తిరిగి ఉంటుంది: రిజిస్టర్లు (చిప్‌ను నియంత్రించే చిన్న గళ్లు), డిస్క్రిప్టర్ రింగులు (ప్యాకెట్ల వివరాలుండే వరసలు), డీఎంఏ (కార్డు నేరుగా మెమరీని చదవడం, రాయడం), ఇంటరప్టులు (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు) ఇటువైపువి. మొదటి వైపు దాదాపు మొత్తాన్నీ కార్డు లేకుండానే పరీక్షించవచ్చు. రెండో వైపు ఎంతవరకు పరీక్షించగలమన్నది మనం వాడే ఎమ్యులేటర్ చిప్‌ను ఎంత నిజాయితీగా అనుకరిస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. నా అనుభవంలో డ్రైవర్ లోపాల్లో చాలా భాగం మొదటి వైపువి, లేదా రెండు వైపులా అనుసరించాల్సిన క్రమం తప్పడం వల్ల వచ్చినవి. అందుకే కార్డు వచ్చేదాకా ఆగడం వృథా అని గట్టిగా చెబుతాను.

డమ్మీ, వీఈత్, ట్యాప్, నెట్‌డెవ్‌సిమ్, క్యూఎమూ... ఇన్ని ఉన్నాయి. నాకు ఏది కావాలి?

మీరు పరీక్షించే కోడ్ ఎక్కడ ఉందో చూసుకుంటే ఎంపిక సులభమవుతుంది. అప్లికేషన్‌కు ఒక ఇంటర్‌ఫేస్, ఒక చిరునామా ఉంటే చాలనుకుంటే డమ్మీ సరిపోతుంది. అది వచ్చిన ప్యాకెట్లను పారేస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. ఇటు పంపిన ప్యాకెట్ అటు చేరాలంటే వీఈత్ కావాలి. అది రెండు కొనలున్న కేబుల్ వంటిది, 2008లో వచ్చిన 2.6.24 కెర్నల్ నుంచి ఉంది. అవతలి వైపు యంత్రంగా మీ ప్రోగ్రామే నటించాలనుకుంటే ట్యాప్ వాడాలి. కెర్నల్ ఆ ఇంటర్‌ఫేస్‌లోకి పంపిన ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేమ్‌నూ మీ ప్రోగ్రామ్ ఒక ఫైల్ డిస్క్రిప్టర్ నుంచి చదువుకుంటుంది, తనకు కావలసిన ఫ్రేమ్‌ను తిరిగి రాస్తుంది.

ఎస్‌ఆర్-ఐఓవీ (ఒకే కార్డు పలు కార్డులుగా కనిపించడం), డెవ్‌లింక్ (కార్డు మొత్తాన్ని నిర్వహించే ఇంటర్‌ఫేస్), ఆఫ్‌లోడ్‌ల (ప్రాసెసర్ పనిని కార్డుకు అప్పగించడం) వంటి ఖరీదైన కార్డుల సదుపాయాలను వాడుకునే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి నెట్‌డెవ్‌సిమ్ పుట్టింది. 2018లో వచ్చిన 4.16 కెర్నల్‌లో ఇది చేరింది. మొదట బీపీఎఫ్ (కెర్నల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) ఆఫ్‌లోడ్ ఇంటర్‌ఫేస్‌ను కార్డు లేకుండా పరీక్షించడానికే రాశారు. తర్వాత ఒక్కొక్క సదుపాయమూ దానికి జతపడుతూ వచ్చింది. ఈ నాలుగింటిలోనూ పీసీఐ (కార్డును కంప్యూటర్‌కు కలిపే బస్) లేదు, డీఎంఏ లేదు, ఇంటరప్టు లేదు. అవి కూడా కావాలంటే క్యూఎమూ అనే ఎమ్యులేటర్ నడిపే వర్చువల్ మెషీన్‌లోకి వెళ్లక తప్పదు, ఎందుకంటే మీ డ్రైవర్ రిజిస్టర్లలో రాసే ప్రతి విలువకూ స్పందించే చిప్ నమూనా అక్కడే ఉంటుంది.

నేను డ్రైవర్ రాయడం లేదు, దాన్ని వాడే అప్లికేషన్ మాత్రమే రాస్తున్నాను. నాకూ ఇవన్నీ అవసరమా?

వీఈత్, నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే యంత్రంలో విడివిడి నెట్‌వర్క్ లోకాలు) చాలు. అయితే లింక్ పోయినప్పుడు, ఈత్‌టూల్ కాల్ విఫలమైనప్పుడు మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కూడా చూడాలనుకుంటే నెట్‌డెవ్‌సిమ్ నేర్చుకోండి. ఒక పూట పని.

మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుందా?

సరిపోతుంది. వర్చువలైజేషన్ సదుపాయం ఉన్న ప్రాసెసర్, 8 జీబీ మెమరీ ఉంటే కెర్నల్‌ను కంపైల్ చేసి, వర్చువల్ మెషీన్‌లో నడపడానికి ఇబ్బంది ఉండదు. వర్ట్‌మీ-ఎన్‌జీ అనే పరికరం మీరు కంపైల్ చేసిన కెర్నల్‌ను మీ ఫైల్ సిస్టమ్‌తోనే, డిస్క్ ఇమేజ్ ఏదీ తయారు చేయకుండా, కొద్ది సెకన్లలో బూట్ చేస్తుంది. డ్రైవర్ పొరపాటున కెర్నల్‌ను కూల్చినా కూలేది ఆ మెషీనే కాబట్టి మీ పని పోదు. కేవీఎం (ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ను వాడుకునే కెర్నల్ సదుపాయం) అందుబాటులో లేకపోయినా క్యూఎమూ నడుస్తుంది, కాకపోతే బాగా నెమ్మదిస్తుంది.

## అమర్చుకునే దశ

వీఈత్ జత పెట్టి రెండు కొనలకూ ఐపీ ఇచ్చాను. పింగ్ వెళ్తోంది, కానీ టీసీపీడంప్‌లో (ప్యాకెట్లను చూపే కమాండ్) ఒక్క ప్యాకెట్ కూడా కనిపించడం లేదు. ఎందుకు?

ఎందుకంటే ఆ పింగ్ వీఈత్ గుండా వెళ్లడం లేదు. రెండు చిరునామాలూ ఒకే నేమ్‌స్పేస్‌లో ఉన్నప్పుడు కెర్నల్ తన లోకల్ రూటింగ్ పట్టిక చూసి, రెండోది కూడా తనదే అని గ్రహించి, ప్యాకెట్‌ను లూప్‌బ్యాక్ మీదుగా తనకే అందించుకుంటుంది. కావాలంటే ‘లో’ అనే ఆ లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్ పెట్టి చూడండి, ఆ ప్యాకెట్లన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి. ఇది ఎంత ప్రమాదకరమంటే, పరీక్ష పచ్చగా పాసవుతుంది గానీ పరీక్షించాల్సిన దారిలో ఒక్క బైటు కూడా నడవదు.

‘ఐపీ నెట్‌ఎన్‌ఎస్ యాడ్’ కమాండ్‌తో ఒక నేమ్‌స్పేస్ సృష్టించి, ‘ఐపీ లింక్ సెట్’తో జతలో ఒక కొనను అందులోకి పంపి, ఆ తర్వాతే చిరునామాలు ఇవ్వండి. నేమ్‌స్పేస్ మారినప్పుడు ఇంటర్‌ఫేస్ కిందికి దిగిపోతుంది, దానికి ముందే ఇచ్చిన చిరునామాలు పోతాయి. అందుకే ఈ వరస ముఖ్యం. పరీక్ష మొదట్లోనే రెండు కొనల ప్యాకెట్ లెక్కలు చదివి, చివర్లో అవి పెరిగాయో లేదో సరిచూసే అలవాటు చేసుకుంటే ఇలాంటి ఉత్తుత్తి విజయాలు వెంటనే బయటపడతాయి.

నెట్‌డెవ్‌సిమ్ పరికరాన్ని ఎలా సృష్టించాలి? పాత వ్యాసాల్లోని కమాండ్ పనిచేయడం లేదు.

మొదట్లో ‘ఐపీ లింక్ యాడ్ టైప్ నెట్‌డెవ్‌సిమ్’ అంటే సరిపోయేది. 2019లో దీన్ని నిజమైన పరికరంలాగా ఒక బస్ కిందికి మార్చారు. అప్పటి నుంచి ఆ పాత కమాండ్ ఇస్తే కెర్నల్ ఒప్పుకోదు, ఏ ఫైలులో రాయాలో పొరపాటు సందేశంలోనే చెబుతుంది. ఇప్పుడు మాడ్యూల్‌ను లోడ్ చేశాక, సిస్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నల్ తన పరికరాలను ఫైళ్లుగా చూపే చోటు) బస్ విభాగంలో నెట్‌డెవ్‌సిమ్ డైరెక్టరీ కింద ఉన్న న్యూ_డివైస్ అనే ఫైలులో ‘10 1’ అని రాయాలి. 10 అన్నది పరికరం సంఖ్య, 1 అన్నది దానికి ఎన్ని పోర్టులుండాలన్న లెక్క. తీసేయడానికి డెల్_డివైస్ ఫైలులో ఆ పరికరం సంఖ్యను రాస్తే చాలు.

పుట్టిన ఇంటర్‌ఫేస్ పేరును ఊహించి స్క్రిప్టులో రాయకండి. యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే ప్రోగ్రామ్) నియమాలను బట్టి ఆ పేరు ఒక్కో యంత్రంలో ఒక్కోలా మారుతుంది. అదే బస్ కింద ఆ పరికరపు డైరెక్టరీలో నెట్ అనే ఉప డైరెక్టరీ ఉంటుంది, అసలు పేరును అక్కడి నుంచి చదివి తీసుకోవాలి. మాడ్యూలే దొరకడం లేదంటే మీ కెర్నల్‌ను ఆ ఎంపిక లేకుండా కంపైల్ చేసి ఉంటారు, లేదా మీ డిస్ట్రిబ్యూషన్ దాన్ని అదనపు మాడ్యూళ్ల ప్యాకేజీలో పెట్టి ఉంటుంది.

నెట్‌డెవ్‌సిమ్ నుంచి పంపిన ప్యాకెట్లు ఎక్కడికీ చేరడం లేదు. నా తప్పా?

మీ తప్పు కాదు. జత కట్టని నెట్‌డెవ్‌సిమ్ పోర్టు ప్యాకెట్లను పారేస్తుంది. చాలా కాలం దానికి అంతకు మించిన పని లేదు, ఎందుకంటే దాన్ని రాసింది కాన్ఫిగరేషన్ దారులను పరీక్షించడానికి. 2024లో వచ్చిన 6.9 కెర్నల్ నుంచి రెండు పోర్టులను వీఈత్ మాదిరిగా కలపవచ్చు. దానికి లింక్_డివైస్ ఫైలులో ఒక్కో పోర్టుకూ నేమ్‌స్పేస్ ఫైల్ డిస్క్రిప్టర్, ఇంటర్‌ఫేస్ సూచిక సంఖ్య జతగా, మధ్యలో కోలన్‌తో రాయాలి. అంతకన్నా పాత కెర్నల్ వాడుతున్నవారు ప్యాకెట్లు నడిచే పరీక్షలకు వీఈత్‌నూ, కాన్ఫిగరేషన్ పరీక్షలకు నెట్‌డెవ్‌సిమ్‌నూ విడివిడిగా పెట్టుకోవడమే మంచిది.

క్యూఎమూలో ఏ కార్డును ఎంచుకోవాలి?

మీ డ్రైవర్ ఏ చిప్‌కు రాశారో ఆ చిప్ నమూనా ఉంటే అదే. డ్రైవర్ పని నేర్చుకోవడానికైతే ఈ1000తో మొదలుపెట్టమంటాను. అది ఇంటెల్ 82540ఈఎం చిప్‌ను అనుకరిస్తుంది. దాని రిజిస్టర్ల వివరాలున్న మాన్యువల్ బహిరంగంగా దొరుకుతుంది, కెర్నల్‌లోని డ్రైవర్ కూడా చదవదగిన పరిమాణంలో ఉంటుంది. కానీ అందులో ఉన్నది పాత తరహా ఇంటరప్టు ఒక్కటే. ఎంఎస్‌ఐ-ఎక్స్ (ఒక్కో క్యూకు వేరే ఇంటరప్టు ఇవ్వగల కొత్త తరహా) ఇంటరప్టులను పరీక్షించాలంటే 82574ఎల్‌ను అనుకరించే ఈ1000ఈకి మారాలి. ఎస్‌ఆర్-ఐఓవీ కూడా కావాలంటే 82576ను అనుకరించే ఐజీబీ ఉంది, అది 2023లో క్యూఎమూ 8.0తో వచ్చింది. వర్చియో-నెట్ వేగంగా ఉంటుంది గానీ అది ఏ నిజమైన చిప్‌కూ నమూనా కాదు. డ్రైవర్ పరీక్షకు కాక, మిగతా నెట్‌వర్క్ స్టాక్ పరీక్షకు అది మేలు.

కంటైనర్ లోపల మాడ్యూల్ లోడ్ కావడం లేదు. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు వాటంతటవే నడిచే వ్యవస్థ) ఎలా నడపాలి?

కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు, అది వాడుకునేది హోస్ట్ కెర్నల్‌నే. అందువల్ల మీ డ్రైవర్‌ను అక్కడ లోడ్ చేయాలంటే హోస్ట్‌లోకే లోడ్ చేయాలి, దానికి సీఐ యంత్రాల యజమానులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. సరైన దారి కంటైనర్ లోపల క్యూఎమూను నడిపి, ఆ మెషీన్‌లో మీ కెర్నల్‌ను బూట్ చేయడం. వీఈత్ ఒక్కటే చాలనుకునే పరీక్షలకు మాత్రం ‘అన్‌షేర్’ కమాండ్‌తో యూజర్ నేమ్‌స్పేస్, నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ కలిపి సృష్టించుకుంటే రూట్ అనుమతి లేకుండానే పని జరిగిపోతుంది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు భద్రత కోసం ఈ వెసులుబాటును కట్టడి చేస్తాయి, అది ముందుగా చూసుకోవాలి.

వైఫై, కార్లలో వాడే క్యాన్, స్విచ్ చిప్‌లు... వీటికీ ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. వైఫైకి మ్యాక్80211_హెచ్‌డబ్ల్యూసిమ్ ఉంది. ఊరికే లోడ్ చేస్తే రెండు రేడియోలు పుడతాయి, ఒకదాని మీద యాక్సెస్ పాయింట్‌గా పనిచేసే హోస్ట్‌ఏపీడీని, ఇంకోదాని మీద దానికి కనెక్ట్ అయ్యే డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ను నడిపి పాస్‌వర్డ్ సరిచూసుకోవడంతో సహా మొత్తం కనెక్షన్‌ను పరీక్షించవచ్చు. ఆ రెండు ప్రోగ్రాముల సొంత పరీక్షలు కూడా దీని మీదే నడుస్తాయి. క్యాన్‌కు వీక్యాన్, స్విచ్ చిప్‌ల డీఎస్‌ఏ వ్యవస్థకు డీఎస్‌ఏ_లూప్ ఉన్నాయి.

## పరీక్షలు రాసే దశ

లోపాలను కావాలని పుట్టించడం ఎలా? అంతా సవ్యంగా జరిగే దారి ఒక్కటే పరీక్షించగలుగుతున్నాను.

నిజం చెప్పాలంటే సిమ్యులేషన్ అసలు విలువ ఇక్కడే ఉంది. నిజమైన కార్డు అడిగినప్పుడు పాడవదు, సిమ్యులేషన్ పాడవుతుంది. నెట్‌డెవ్‌సిమ్‌కు డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (డీబగ్ కోసం కెర్నల్ ఇచ్చే ఫైళ్ల చోటు) ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులోని ఫెయిల్_రీలోడ్ ఫైలులో విలువ పెడితే తర్వాతి డెవ్‌లింక్ రీలోడ్ విఫలమవుతుంది. ఈత్‌టూల్ ఉప డైరెక్టరీలోని గెట్_ఎర్, సెట్_ఎర్ ఫైళ్లలో పొరపాటు సంఖ్యను రాస్తే ఆ కాల్స్ అదే పొరపాటుతో తిరిగి వస్తాయి. బ్రేక్_హెల్త్ ఫైలులో ఏదైనా సందేశం రాస్తే, కార్డు ఆరోగ్యం చెడిందన్న నివేదిక వెలువడుతుంది.

మీ సొంత డ్రైవర్ విషయంలో అతి ముఖ్యమైనది ప్రోబ్ ఫంక్షన్ (కార్డు దొరికినప్పుడు దాన్ని సిద్ధం చేసేది). అందులో పదో పన్నెండో కేటాయింపులు ఉంటాయి, ఏది విఫలమైనా అప్పటిదాకా తీసుకున్నవన్నీ తిరిగి వదిలేయాలి. కెర్నల్‌లోని ఫాల్ట్ ఇంజెక్షన్‌ను (లోపాలను కావాలని పుట్టించే సదుపాయం), అందులో ఫెయిల్‌స్లాబ్‌ను (మెమరీ కేటాయింపులను విఫలం చేసేది) ఎంచుకుని కంపైల్ చేస్తే, ప్రోక్ కింద ప్రతి టాస్క్‌కూ ఫెయిల్-ఎన్త్ అనే ఫైలు వస్తుంది. అందులో 1 అని రాసి డ్రైవర్‌ను సిస్‌ఎఫ్‌ఎస్ బైండ్ ఫైలు ద్వారా పరికరానికి జత చేస్తే మొదటి కేటాయింపు విఫలమవుతుంది, 2 అంటే రెండోది. ఇలా ఒక్కో సంఖ్యా పెంచుకుంటూ పోవాలి. ఆ ఫైలును తిరిగి చదివితే 0 వస్తే లోపం పుట్టిందని అర్థం. 0 కాక ఇంకో సంఖ్య వచ్చిందంటే అక్కడికి కేటాయింపులన్నీ అయిపోయాయని తెలుసుకోవాలి. ఒక చిన్న మెలిక ఉంది: ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్ అనే అమరిక మామూలుగా ‘వై’గా ఉంటుంది, అలా ఉంటే నిద్రించగల కేటాయింపులు విఫలం కావు. ప్రోబ్‌లో ఉండేవి ఎక్కువగా అవే కాబట్టి దాన్ని ‘ఎన్’ చేయకపోతే పరీక్ష ఏమీ పట్టుకోదు. కాసాన్, కెమెమ్‌లీక్, లాక్‌డెప్ (మెమరీ దుర్వినియోగాన్ని, వదిలేసిన మెమరీని, లాకుల తప్పులను పట్టే తనిఖీలు) మూడూ ఆన్ చేసిన కెర్నల్‌తో ఈ పరీక్ష నడిపినప్పుడు, ఎన్నేళ్లుగానో వాడుతున్న డ్రైవర్లలో కూడా రెట్టింపు విడుదలలు, వదిలేసిన మెమరీ బయటపడడం నేను చూశాను.

కేబుల్ పీకినట్టు చేయడం ఎలా?

వీఈత్‌లో ఒక కొనను కిందికి దించితే రెండో కొన క్యారియర్ (లింక్ ఉందన్న సంకేతం) కోల్పోతుంది, సరిగ్గా కేబుల్ పీకినట్టే ఉంటుంది. డమ్మీలో ‘ఐపీ లింక్ సెట్’ కమాండ్‌తో క్యారియర్‌ను నేరుగా ఆఫ్ చేయవచ్చు. క్యూఎమూలోనైతే మానిటర్‌లో సెట్_లింక్ కమాండ్ ఉంది, దాన్ని వాడితే మీ డ్రైవర్‌కు లింక్ మారిందన్న ఇంటరప్టు వస్తుంది. కేబుల్ కాక కార్డునే పీకినట్టు చేయాలంటే డివైస్_డెల్ వాడాలి. ట్రాఫిక్ నడుస్తుండగా దాన్ని వాడి చూడండి, రిమూవ్ ఫంక్షన్‌లోని తప్పులు అప్పుడే బయటికొస్తాయి. క్యూ35 యంత్ర నమూనాలో ఇది పనిచేయాలంటే కార్డును రూట్ పోర్ట్ కింద అమర్చి ఉండాలి.

నెటెమ్‌తో (ఆలస్యాన్ని, నష్టాన్ని పుట్టించే కెర్నల్ సదుపాయం) 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాను. అడగని ప్యాకెట్ నష్టం కనిపిస్తోంది. ఎందుకు?

నెటెమ్ క్యూ పరిమితి మామూలుగా 1000 ప్యాకెట్లు. సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో పంపుతూ 100 మిల్లీసెకన్లు ఆపి ఉంచితే, ఏ క్షణంలోనైనా దారిలో 1.25 కోట్ల బైట్లు నిలిచి ఉంటాయి. 1500 బైట్ల ప్యాకెట్లుగా లెక్కిస్తే అవి 8,300కు పైమాటే. క్యూలో చోటు వెయ్యికే ఉన్నప్పుడు మిగిలినవి రాలిపోతాయి. లిమిట్ విలువను ఆ లెక్కకు తగ్గట్టు పెంచండి.

ఇంకో రెండు సంగతులు. నెటెమ్ పనిచేసేది బయటికి వెళ్లే దారిలోనే, అందుచేత వీఈత్ రెండు కొనల మీదా విడివిడిగా పెడితేనే రెండు వైపులా ఆలస్యం వస్తుంది. టీఎస్‌ఓ, జీఎస్‌ఓ (డేటాను ప్యాకెట్లుగా చీల్చడాన్ని చివరిదాకా వాయిదా వేసేవి) ఆన్‌లో ఉంటే నెటెమ్ చేతికి వచ్చేది 64 కిలోబైట్ల దాకా పెరిగిన పెద్ద ముద్ద కావచ్చు. ఒక శాతం నష్టం అంటే ఆ ముద్దల్లో ఒక శాతం పోవడమే అవుతుంది తప్ప తీగ మీది ప్యాకెట్లలో కాదు. నష్టాన్ని కచ్చితంగా కొలవాల్సిన పరీక్షల్లో ఈత్‌టూల్‌తో వాటిని ఆపివేయాలి.

కేయునిట్ (కెర్నల్ ఫంక్షన్లను విడివిడిగా పరీక్షించే వ్యవస్థ) ఎక్కడ ఉపయోగపడుతుంది?

పరికరంతో ప్రమేయం లేని లెక్కల దగ్గర. డిస్క్రిప్టర్‌లో బిట్లను సర్దే ఫంక్షన్, ఆర్‌ఎస్‌ఎస్ (వచ్చిన ప్యాకెట్లను క్యూలకు పంచే) పట్టికను నింపే ఫంక్షన్, వచ్చిన స్థితి పదాన్ని విడదీసే ఫంక్షన్ వంటివి దీనికి బాగా సరిపోతాయి. 2020లో 5.5 కెర్నల్‌తో వచ్చిన ఈ వ్యవస్థ కెర్నల్‌ను ఒక మామూలు ప్రోగ్రామ్‌లాగా నడిపి సెకన్లలో ఫలితం ఇస్తుంది. చిప్‌ను తాకే కోడ్‌నుంచి లెక్కలను వేరు చేసి రాస్తేనే ఈ సౌలభ్యం దక్కుతుంది, అందుకే మొదటి రోజు నుంచే అలా రాయమని నా సలహా.

ఒకే పరీక్షను సిమ్యులేషన్‌లోనూ, అసలు కార్డు మీదా నడపడం సాధ్యమేనా?

సాధ్యమే, అలాగే రాయాలి కూడా. కెర్నల్ సెల్ఫ్‌టెస్ట్‌లలో (కెర్నల్ కోడ్‌తో పాటే వచ్చే పరీక్షలు) నెట్‌వర్క్ డ్రైవర్ల విభాగం ఇదే పద్ధతిలో ఉంది. ఏమీ చెప్పకపోతే అక్కడి పైథాన్ పరీక్షలు నెట్‌డెవ్‌సిమ్‌ను తామే సృష్టించుకుని దాని మీద నడుస్తాయి. నెట్ఐఎఫ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మీ కార్డు ఇంటర్‌ఫేస్ పేరు ఇస్తే అవే పరీక్షలు ఆ కార్డు మీద నడుస్తాయి. మీ సొంత పరీక్షల్లో కూడా ఇంటర్‌ఫేస్ పేరును, అవతలి చిరునామాను బయటి నుంచే తీసుకోండి. కార్డు చేతికొచ్చిన రోజున ఒక్క పంక్తి మారిస్తే సరిపోతుంది.

## ఫలితాలు తేడాగా వచ్చినప్పుడు

ప్రతి ప్యాకెట్‌కూ చెక్‌సమ్ (డేటా చెడిందేమో చూసే లెక్క) తప్పని టీసీపీడంప్ చూపిస్తోంది. డ్రైవర్‌లో లోపమా?

వీఈత్ అయితే కాదు. వీఈత్ తనకు చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఉందని కెర్నల్‌కు చెబుతుంది. ప్యాకెట్ ఒకే యంత్రం మెమరీలో చేతులు మారుతుంది కాబట్టి చెక్‌సమ్‌ను పూర్తిగా లెక్కించాల్సిన అవసరం ఎవరికీ రాదు, అది సగం లెక్కతోనే అవతలికి చేరుతుంది. కెర్నల్ సొంత స్టాక్‌కు ఈ సంగతి తెలుసు గనుక ప్యాకెట్‌ను అంగీకరిస్తుంది. అయితే రా సాకెట్ ద్వారా ప్యాకెట్లు చదివి చెక్‌సమ్‌ను తానే సరిచూసే ప్రోగ్రామ్ వాటిని తిరస్కరిస్తుంది. వర్చువల్ మెషీన్లలో కొన్ని డీహెచ్‌సీపీ క్లయింట్లకు చిరునామా దొరకకపోవడానికి ఒకప్పుడు ఇదే కారణం. పంపే కొన మీద ఈత్‌టూల్‌తో టీఎక్స్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్‌ను ఆపితే సరిపోతుంది.

పరీక్ష ఒకసారి పాసవుతోంది, ఒకసారి ఫెయిలవుతోంది. ఎక్కడ వెతకాలి?

ఐపీవీ6 వాడుతుంటే ముందుగా అక్కడే చూడండి. కొత్తగా ఇచ్చిన చిరునామాను ఇంకెవరైనా వాడుతున్నారేమో అని కెర్నల్ సుమారు ఒక సెకను పాటు విచారిస్తుంది. ఆ వ్యవధిలో చిరునామా టెంటేటివ్ స్థితిలో ఉంటుంది, దానికి బైండ్ చేయబోయే సర్వర్ విఫలమవుతుంది. యంత్రం నెమ్మదిగా ఉన్నప్పుడు పాసై, వేగంగా ఉన్నప్పుడు ఫెయిలయ్యే విచిత్రం దీనివల్లే. చిరునామా ఇచ్చేటప్పుడు నోడాడ్ (ఆ విచారణ వద్దని చెప్పే పదం) అని చేర్చితే సమస్య పోతుంది. రెండు సెకన్లు నిద్రపోయే స్లీప్ పెట్టి సరిపెట్టుకోవద్దు. సీఐ యంత్రం మీద భారం పెరిగిన రోజున ఆ రెండు సెకన్లూ చాలవు.

సిమ్యులేషన్‌లో అంతా పాసైంది, అసలు కార్డు పెట్టగానే ట్రాన్స్‌మిట్ ఆగిపోయింది. ఎలా జరిగింది?

ఈ ప్రశ్నకు జవాబు నేను కష్టపడి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం మా జట్టు ఒక డ్రైవర్‌ను నెలల తరబడి ఎమ్యులేటర్‌లోనే పెంచింది. కార్డు వచ్చాక గంటలోపే, క్యూ టైమ్ అవుట్ అయిందన్న వాచ్‌డాగ్ హెచ్చరిక వచ్చింది. రింగ్ నిండినప్పుడు మా కోడ్ క్యూను ఆపుతోంది, సరిగ్గా అదే క్షణంలో ఇంకో కోర్ మీద పూర్తయిన డిస్క్రిప్టర్లను శుభ్రం చేసే కోడ్ తన పని ముగించి వెళ్లిపోతోంది. ఇక ఆ క్యూను లేపేవారు లేరు. ఆపిన తర్వాత చోటు ఉందో లేదో మరోసారి చూసుకుంటే పోయే లోపం అది. మరి నెలల తరబడి ఎందుకు దొరకలేదంటే, క్యూఎమూలోని ఈ1000 వంటి నమూనాలు టెయిల్ రిజిస్టర్‌లో (కొత్త ప్యాకెట్లు ఉన్నాయని చిప్‌కు చెప్పేది) రాయగానే, ఆ రాత ముగిసేలోపే, ప్యాకెట్లన్నీ పంపేస్తాయి. రింగ్ నిండే సందర్భం అక్కడ దాదాపు రాదు. మేం రింగ్ పరిమాణాన్ని తగ్గించినా లాభం లేకపోయింది. ఆ నమూనా కోడ్‌లోనే ఒక టైమర్ పెట్టి, డిస్క్రిప్టర్ పూర్తయిందన్న గుర్తును కావాలని ఆలస్యంగా రాయించాక మా లోపం నిమిషాల్లో మళ్లీ కనిపించింది.

డీఎంఏ విషయంలోనూ ఇలాంటి దాపరికమే ఉంటుంది. ఎక్స్86 వర్చువల్ మెషీన్‌లో పరికరం, ప్రాసెసర్ ఒకే మెమరీని చూస్తాయి, కాబట్టి డీఎంఏ సింక్ కాల్ మరిచిపోయినా డేటా సరిగానే కనిపిస్తుంది. గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి) కెర్నల్ బూట్ పంక్తిలో ‘ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ’ని ఫోర్స్ చేస్తే ప్రతి బదిలీ మధ్యలో వేరే బఫర్ గుండా కాపీ అవుతుంది, సింక్ మరిచిన చోట పాత డేటా చేతికొస్తుంది. డీఎంఏ ఏపీఐ డీబగ్ ఎంపిక పెడితే మ్యాపింగ్ పొరపాటును సరిచూడకపోవడం, తప్పు పరిమాణంతో అన్‌మ్యాప్ చేయడం, రిమూవ్‌లో వదిలేయడం మరిచిన బఫర్లు అన్నీ లాగ్‌లోకి వస్తాయి. క్యూఎమూకు ఇంటెల్ ఐఓఎంఎంయూ (పరికరాలు ఏ మెమరీని తాకవచ్చో నియంత్రించే భాగం) నమూనాను చేర్చి గెస్ట్‌లో దాన్ని ఆన్ చేస్తే, అన్‌మ్యాప్ చేసిన చిరునామాలోకి పరికరం రాయబోయినప్పుడు ఫాల్ట్ నమోదవుతుంది. ఈ మూడూ ఖర్చు లేని పనులు.

సిమ్యులేషన్‌లో వేగం కొలిచి నివేదికలో రాయవచ్చా?

రాయకూడదు. 10 గిగాబిట్ లింక్ మీద అతి చిన్న ఫ్రేమ్‌లు సెకనుకు 1.488 కోట్లు వస్తాయి, అంటే ఒక్కోదానికి దొరికే సమయం 67.2 నానోసెకన్లు. ఆ వ్యవధిలో కీలకమయ్యే క్యాష్ ప్రవర్తన, పీసీఐ ఆలస్యం, ఇంటరప్టుల కూర్పు ఏవీ ఎమ్యులేటర్‌లో నిజంగా ఉండవు. ఒకే అమరికలో నిన్నటి కోడ్‌కూ ఇవాళ్టి కోడ్‌కూ మధ్య పెద్ద తేడా వచ్చిందా అన్నది మాత్రం చూసుకోవచ్చు.

## కోడ్ పంపే దశ

కొత్త సదుపాయానికి నెట్‌డెవ్‌సిమ్‌లో మద్దతు రాసి పంపితే కెర్నల్‌లోకి తీసుకుంటారా?

అది ఒక్కటే అయితే తీసుకోరు. నెట్‌వర్కింగ్ విభాగం నియమం స్పష్టంగా ఉంది: కొత్త ఏపీఐకి నెట్‌డెవ్‌సిమ్ ఆధారంగా పరీక్షలు రాయడాన్ని ప్రోత్సహిస్తారు గానీ, నెట్‌డెవ్‌సిమ్‌ను ఆ ఏపీఐ వినియోగదారుగా లెక్కించరు. నిజమైన డ్రైవర్ ఒకదానిలో కూడా దాన్ని అమలు చేసి చూపాలి. అలాగే నెట్‌డెవ్‌సిమ్‌లో చేర్చే ప్రతి కొత్త అంశం వెంట సెల్ఫ్‌టెస్ట్ ఉండాలి. మీ సంస్థ లోపలి అవసరాల కోసం దాన్ని విస్తరించి పంపడం కుదరదు. ఇది కఠినంగా అనిపించవచ్చు గానీ సబబైన నియమమే. ఏ కార్డూ వాడని ఇంటర్‌ఫేస్ ఒకసారి కెర్నల్‌లో చేరిందంటే దాన్ని దశాబ్దాల పాటు మోయాల్సి వస్తుంది.

ఇన్ని చేశాక కూడా అసలు కార్డు తప్పనిసరి అయ్యేది దేనికి?

ఆటోనెగోషియేషన్‌కు (రెండు కొనలూ వేగాన్ని కుదుర్చుకోవడం), ఆప్టికల్ మాడ్యూళ్లకు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కు, నిద్ర నుంచి మేల్కొనే సమయంలో విద్యుత్ ప్రవర్తనకు, గంటల తరబడి వేడెక్కిన చిప్ నడతకు ఏ ఎమ్యులేటరూ బదులు కాదు. మెమరీ బ్యారియర్లను (చదివే, రాసే క్రమాన్ని కాపాడే సూచనలు) కూడా ఇందులోనే చేర్చాలి. ఎక్స్86 ప్రాసెసర్ మెమరీ క్రమాన్ని గట్టిగా పాటిస్తుంది కాబట్టి, డిస్క్రిప్టర్‌లో యజమాని బిట్ చూసిన తర్వాత మిగతా పదాలు చదివే ముందు పెట్టాల్సిన బ్యారియర్ మరిచినా అక్కడ సాధారణంగా ఏమీ జరగదు. అదే డ్రైవర్ నిజమైన ఆర్మ్ సర్వర్ మీదకు వెళ్తే రోజుకోసారి చెడిన ప్యాకెట్ వస్తుంది. ఎక్స్86 ల్యాప్‌టాప్ మీద ఆర్మ్‌ను ఎమ్యులేట్ చేసి దీన్ని పట్టుకోగలమనుకోకూడదు, అక్కడ అడుగున నడిచేది మళ్లీ ఎక్స్86 ప్రాసెసరే. కార్డు కొద్ది రోజులకే అరువు దొరికితే దాన్ని ఆర్మ్ యంత్రంలో పెట్టి, చిన్న ప్యాకెట్ల ట్రాఫిక్‌ను రాత్రంతా నడిపి, అందిన ప్రతి ప్యాకెట్ లోపలి డేటాను సరిచూసే పరీక్షకే ఆ సమయం ముందుగా కేటాయించండి.